బెథయా చెప్పని సాక్ష్యం

బెథయా కాచిన సబ్బు లేనిదే ఆ ఊళ్ళో ఒక్క చొక్కా కూడా ఉతుక్కి పడేది కాదు. అయినా ఆమె చేతి నుంచి ఎవరూ ఏదీ అందుకునేవారు కాదు. ముక్కిపోయిన పందికొవ్వూ పొయ్యిలో బూడిదా తెచ్చి ఆమె గుమ్మం ముందు మొద్దు మీద పడేసి, ముక్కు మూసుకుని వెళ్ళిపోయేవారు.

ఇంగ్లండులో తమ భక్తిని సాగనివ్వలేదని ఓడలెక్కి వచ్చినవాళ్ళు వాళ్ళు. బోస్టనుకు ఉత్తరాన సముద్రపొడ్డున ఊరు కట్టుకున్నాక, తమలా భక్తి చెయ్యనివాళ్ళను వాళ్ళూ బతకనివ్వలేదు. బెథయా చేసిన నేరమల్లా మందిరంలో నోరెత్తడం. భర్త చేపల వేటలో మునిగిపోయాడు. చంటిబిడ్డ బాప్తిస్మానికి ముందే పోయింది. బిడ్డను పూడ్చిన ఆ వారమే, దేవుడు ఎన్నుకోని పసికందులు కూడా నరకానికే పోతారని పాస్టరు ప్రసంగిస్తుంటే ఆమె లేచి నిలబడి "అబద్ధం" అంది. అంతే, వెలి. ఆమెతో కలిసి ఎవరూ తినకూడదు. మందిరానికి రాకపోతే మాత్రం జరిమానా. తలుపు పక్కన ఒంటి బల్ల మీద కూర్చుని అంతా వినాల్సిందే.

కొన్నేళ్ళకు ఆ ఊరి కళ్ళే ఆమెకూ వచ్చాయి. మనిషి ఎదురైతే తనే దారి దిగి ఒదిగి నిలబడేది. సంఘపెద్ద లంట్ ఇంట్లో పనిపిల్ల డార్కస్‌కు పెళ్ళి కాకుండా కడుపొచ్చిందని తెలిసినప్పుడు ఆమెకు జాలి కలగలేదు. "ఒళ్ళు కొవ్వెక్కితే మరి" అనుకుంది. తన కిందికి ఇంకొకతె వచ్చిందని లోలోపల కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఆ వారంలోనే లంట్ ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"సంఘం నిన్ను మరిచిపోలేదమ్మా బెథయా. మా ఇంటి పిల్ల చెడిపోయింది చూశావా? పైగా మావాడు ఇథమార్ పేరు చెబుతోంది, నోరు పడిపోను. అది ఓడవాడెవడితోనో తిరగడం నువ్వు చూసే ఉంటావు. నీ ఇల్లు రేవు దారిలోనే కదా!"

"నేను చూళ్ళేదండీ."

"బాగా గుర్తు తెచ్చుకో. ఆదివారం నీ పాత తప్పు ఒప్పుకుని, ఈ నాలుగు ముక్కలూ చెప్పు. ఆ పూట మా బల్ల దగ్గరే నీ భోజనం. మా ఆవిడ ముందు రోజే చిక్కుళ్ళూ పందిమాంసమూ ఉడికించి ఉంచుతానంది."

ఆయన వెళ్ళాక బెథయా సంతోషం పట్టలేక ఏడ్చింది. చెప్పాల్సిన ముక్కలు సబ్బు కలుపుతూ పైకే వల్లించుకుంది.

ఆదివారం డార్కస్‌కు తప్పు చేసినవాళ్ళకు కప్పే తెల్లదుప్పటి కప్పి పాస్టరు ముందు నిలబెట్టారు. ఇథమార్ తండ్రి పక్కన కూర్చుని ఆవులింత ఆపుకుంటున్నాడు. ఈ పిల్లను ఓడవాడితో చూసిన సాక్షి ఉందని లంట్ చెప్పగానే బెథయా లేచింది. డార్కస్ ఆమె వైపు తిరిగింది. మొహంలో కోపమైనా లేదు.

"అత్తా, నువ్వు నిజంగా చూశావా?" అని అడిగింది, తనకే తెలియకుండా అలా జరిగిందేమో అన్నట్టు.

ఆ గంజి పెట్టిన కాలర్లు, తలలూపడానికి సిద్ధంగా ఉన్న ఆ మెడలు బెథయాకు ముక్కిపోయిన కొవ్వులా కంపు కొట్టాయి. అన్నిటికన్నా కంపు కొట్టింది తన నాలుక మీదున్న మాటే.

"నేనేమీ చూళ్ళేదు. చూశానని చెబితే భోజనం పెడతానన్నాడు ఈయన."

లంట్ మొహం జేవురించింది. "వెలిపడ్డదాని మాటకు విలువేంటి?"

"ఇందాకటిదాకా ఉందిగా!"

అయినా ప్రసవమయ్యాక డార్కస్‌కు కొరడా దెబ్బలని తీర్పు చెప్పారు. లంట్ ఆ సాయంత్రమే ఆమెను బయటికి గెంటాడు. డార్కస్ మూట పట్టుకుని వచ్చి బెథయా గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా?" అంది.

"రావచ్చా ఏంటే, చలిగాలి కొడుతోంది, రా!"

ఇద్దరూ ఒకే గిన్నెలో మొక్కజొన్న జావ తాగారు. నెలలు నిండకముందే ఒక చేపల పడవెక్కి దక్షిణాన, ఎవరి భక్తి వాళ్ళదని వదిలేసే రోడ్ ఐలండుకు వెళ్ళిపోయారు. ఆడపిల్ల పుట్టింది. చేపలు చీరి ఉప్పుపెట్టే పనిలో కుదిరారు.

ఒకరోజు పాత ఊరి పడవవాడు బుట్టలు దించుతూ కబురు చెప్పాడు: ఇథమార్‌కు ఘనంగా పెళ్ళయింది. ఏ ఇంట్లో నీతి తప్పుతోందో తిరిగి చూసే ఉద్యోగం కూడా ఇచ్చారు.

డార్కస్ చెయ్యి ఆగిపోయింది. బెథయా తుపుక్కున ఉమ్మింది.

"ఒరేయ్, నువ్వు చేపలు దించు చాలు. ఆ ఊరి మాటలు ఇక్కడ దించకు" అని, మళ్ళీ కత్తి అందుకుంది.