తుప్పా, అరుగుదలా

వెర్లిన్ టేకెట్ చెడ్డవాడని ఓక్లహోమాలోని మస్కోగీ ఊళ్ళో ఎవరూ అనరు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తాడు, పక్కింటి ముసలాయన గడ్డి కోసి పెడతాడు, కుక్కలంటే ప్రాణం పెడతాడు. చెడ్డవాడైతే ముందే జాగ్రత్తపడేవాళ్ళం. ఇదుగో, ఇలాంటి మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని పని గరాజ్ తలుపులు బాగుచెయ్యడం. మొదట్లో సొంతంగా చేసుకునేవాడు. తర్వాత జనం ఇంటి వారంటీలు కొనడం మరిగారు. ఏడాదికింత అని కట్టేస్తే ఫ్రిజ్ చల్లబడకపోయినా, గరాజ్ తలుపు మొరాయించినా కంపెనీయే మనిషిని పంపుతుంది. ఆ పంపే మనుషుల్లో వెర్లిన్ ఒకడయ్యాడు. వెళ్ళినవాడు తలుపు చూసి, పని మొదలుపెట్టకముందే కంపెనీకి ఫోన్ చెయ్యాలి. అవతలి అమ్మాయి అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. తుప్పా, అరుగుదలా? వాడగా వాడగా అరిగిపోయిందంటే ఖర్చు కంపెనీది. తుప్పు పట్టిందంటే ఇంటివాళ్ళు సరిగ్గా చూసుకోలేదని అర్థం. కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది.

చాలా ఏళ్ళు వెర్లిన్ చూసింది చూసినట్టే చెప్పాడు. చెప్పగా చెప్పగా పనులు తగ్గాయి. వారానికి పాతిక వచ్చేవి పదయ్యాయి, పది కాస్తా నాలుగయ్యాయి. ఒకరోజు పైఅధికారి ఫోన్ చేసి, "ఏం వెర్లిన్, మీ ఓక్లహోమాలో ఇనుముకి తుప్పే పట్టదా ఏంటి?" అని నవ్వాడు. అంతే. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. మరుసటి వారం వెర్లిన్ మూడిళ్ళలో తుప్పన్నాడు. ఆ పై వారానికి పనులు మళ్ళీ పాతికకి చేరాయి. మొదటిసారి అన్ననాడు బీన్సూ మొక్కజొన్న రొట్టే ముందు పెట్టుకుని ముద్ద దిగక లేచిపోయాడట. రెండో నెలకల్లా ఆకలి మామూలుగానే వేసింది.

అలా ఉండగా జూన్‌లో ఒక గురువారం ఒలీటా బ్రషీర్ ఇంటికి వెళ్ళాడు.

ఒలీటాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నాలుగో తరగతి పిల్లలకి ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. కాళ్ళు పడిపోయి ఆరేళ్ళయింది. మోటారు చక్రాల కుర్చీలోనే బతుకు. వీధి వాకిలికి నాలుగు మెట్లున్నాయి, అంత బరువు కుర్చీని ఎత్తి దించడం ఇద్దరు ముగ్గురి వల్ల కాదు. అందుకే గరాజ్‌లోకి వాలుబల్ల వేయించుకుంది. బయటికి రావాలంటే ఆవిడకి ఆ గరాజ్ తలుపొక్కటే దారి. ఆ పొద్దున తలుపు మీది స్ప్రింగు ఢామ్మని తెగింది. తలుపు బరువు మోసేది ఆ స్ప్రింగే, మోటారు ఊరికే లాగుతుంది. చాలామంది వారంటీ కాగితంలో ఓపెనర్, అంటే మోటారు, అన్న మాట చూసి తలుపంతా అందులోకే వస్తుందనుకుని బోల్తా పడతారు. ఒలీటా పడలేదు. చిన్న అక్షరాలు కూడా చదివి, స్ప్రింగు కోసం విడిగా కట్టింది.

ఆ మధ్యాహ్నం రెండింటికి ఆవిడ అక్క నోరీన్ అంత్యక్రియలు. తోడబుట్టిన వాళ్ళలో మిగిలింది ఆ అక్కొక్కతే.

వెర్లిన్ వాకిలి మెట్లెక్కి, ఇంట్లోంచి గరాజ్‌లోకి వచ్చేసరికి పన్నెండున్నర. ఒలీటా నీలం గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, మూసి ఉన్న తలుపుకేసి తిరిగి కూర్చుని ఉంది. పక్కన చర్చి స్నేహితురాలు డార్లీన్. చక్రాల కుర్చీ ఎక్కే వ్యాను తెచ్చి బయట పెట్టుకుని గంటసేపట్నుంచీ కాచుకుని ఉంది.

"వచ్చావా నాయనా! ప్రాణం లేచొచ్చింది. ఎంతసేపు పడుతుంది?" అంది ఒలీటా.

"స్ప్రింగు నా బండిలోనే ఉందమ్మా. ముప్పావుగంట చాలు. ముందొక ఫోన్ చేసుకోవాలి."

"మా అక్క నోరీన్‌ని ఇవాళే సాగనంపుతున్నాం. రెండింటికి అక్కడుండాలి."

"అయ్యో, పాపం" అన్నాడు వెర్లిన్. నిజంగానే బాధపడ్డాడు, అందులో అనుమానం లేదు. నిచ్చెనెక్కి తెగిన చోట చెయ్యి పెట్టి చూశాడు. శుభ్రంగా అరిగి తెగిన స్ప్రింగు. కానీ ఆ వారం అప్పటికే నాలుగిళ్ళలో అరుగుదలన్నాడు. ఐదో ఇల్లయితే మళ్ళీ పైనుంచి ఆ నవ్వు వినిపిస్తుంది. కిందికి దిగి, వాళ్ళకి వీపు తిప్పి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"తుప్పా, అరుగుదలా వెర్లిన్ గారూ?" అంది కంపెనీ అమ్మాయి కెల్సీ.

"తుప్పు."

వెనక బెంచీ గుసగుసలు ముప్పై నాలుగేళ్ళు విన్న చెవులవి. గొంతు తగ్గిస్తే దాగుతుందా?

"ఏమన్నావు? ఇటు తిరుగు. నీ చెయ్యి చూపించు" అంది ఒలీటా.

అరవై ఒక్కేళ్ళ మనిషి బడిపిల్లాడిలా చెయ్యి చాపాడు. వేళ్ళు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి.

"తుప్పయితే ఎర్రగా అంటుకోవాలి కదా. ఇదేమిటి?"

"నూనె."

"మా ఆయన హాయిట్ ఏడాదికి రెండుసార్లు పూసేవాడు. ఆయన పోయాక మనిషిని పెట్టి పూయిస్తున్నా. ఆ అమ్మాయికి చెప్పు."

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. 'పొరపాటు పడ్డాను కెల్సీ, అరుగుదలే' అంటే అయిపోయేది. ఏం పోయేది? మహా అయితే వచ్చేవారం రెండు పనులు తగ్గేవి. వెర్లిన్ ఫోన్‌లోకే, "నూనె పైపైన పూశారు. లోపలంతా తుప్పే" అన్నాడు.

"అబద్ధాలకోరా!" ఒలీటా గొంతు గరాజంతా మోగింది. ఫోన్ లాక్కుని, "చూడమ్మా, ఈ మనిషి అబద్ధం చెబుతున్నాడు. నేనొప్పుకోను" అంది.

కెల్సీ గొంతు తేనె పూసినట్టుంది. "తప్పకుండా మేడమ్. మీ అభ్యంతరం రాసుకున్నాను. సోమవారం ఇంకో మనిషి వచ్చి చూస్తారు. అప్పటిదాకా ఆ తలుపు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే మీ వారంటీ రద్దయిపోతుంది. ఇంకేమైనా సాయం కావాలా మేడమ్?"

నిజం చెప్పమని పట్టుబట్టినందుకు ఆవిడకి దక్కింది అదీ.

"ఆ వారంటీ తగలడనీ" అంది ఒలీటా ఫోన్ ఇచ్చేసి. "నువ్వూ డార్లీనూ కలిసి తలుపు పైకెత్తండి. నేను బయటపడగానే దించెయ్యండి."

గడ్డపార వేసి ఎత్తి, కింద చెక్క పెడితే ఆగే తలుపే. అలాంటివి వందసార్లు ఎత్తాడు. కానీ ఆవిడ ఇంకో ఆడమనిషి ముందు తనని అబద్ధాలకోరన్నది. అది అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాడు. నిజం కావడంతో ఒళ్ళు మండిపోయింది.

"విన్నారుగా అమ్మా. చెయ్యి వెయ్యకూడదట."

"ఛీ, నువ్వూ ఒక మనిషివేనా!" అంది డార్లీన్. తలుపెత్తడానికి మనుషుల్ని పంపమని అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసింది. హైవే మీద ప్రమాదమైతే అందరూ అక్కడికే వెళ్ళారట, గంటన్నర పట్టొచ్చన్నారు. చర్చివాళ్ళ ఫోన్లు పలకలేదు. ఇరుగుపొరుగువాళ్ళు పనుల్లో ఉన్నారు. తనే వంగి తలుపు పట్టుకుని లాగింది. నాలుగు వేళ్ళ మేర లేచి, కింద ఎండ కనబడి, మళ్ళీ ధబ్బున పడిపోయింది.

ఒలీటా కుర్చీ తిప్పుకుని వెర్లిన్ ముందుకొచ్చింది.

"నాయనా, నిన్ను అబద్ధాలకోరన్నాను. తప్పయింది, వెనక్కి తీసుకుంటున్నా. అది తుప్పే. ఇంక ఎత్తవా?"

నల్లగా ఉన్నదాన్ని తుప్పని ఆవిడ చేతే అనిపించుకున్నాడు. అప్పుడైనా ఎత్తొచ్చు. కానీ ఇప్పుడు ఎత్తితే ఇందాక ఎత్తగలిగీ ఎత్తలేదని ఒప్పుకున్నట్టవుతుంది. తల వంచుకుని నిచ్చెన మడిచాడు. పోతూ పోతూ కాగితం ముందు పెట్టాడు. "నేనొచ్చి చూసినట్టు ఇక్కడ సంతకం కావాలమ్మా."

ఒలీటా పెట్టింది. పిల్లలకి పలకమీద రాసి చూపించినట్టు గుండ్రంగా, వంకర లేకుండా పెట్టింది.

మూడున్నరకి రెండో పని ముగించుకుని వెర్లిన్ ఊళ్ళోకి వస్తుంటే ఎదురుగా శవయాత్ర వచ్చింది. ముందు పోలీసు బండి, వెనక నల్లబండి, దాని వెనక పట్టపగలే దీపాలు వేసుకుని కార్ల వరస. మా వైపు ఎవరి శవమైనా సరే, బళ్ళు పక్కకి ఆపి నిలబడతారు. వెర్లిన్ కూడా ఆపాడు. దిగి, టోపీ తీసి, గుండె మీద పెట్టుకుని నిలబడ్డాడు. వెనక ట్రక్కు ఆపిన రైతు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎవరండీ పాపం?"

"నోరీన్ అని, పెద్దావిడ. చెల్లెలుగారి ఇంటికి పనిమీద వెళ్ళొచ్చా."

"అలాగా. చెల్లెలు ఏ కార్లో ఉంది?"

వెర్లిన్ కార్లకేసే చూస్తున్నాడు. ఆ వరసలో డార్లీన్ వ్యాను లేదు. "రాలేదు. తలుపు తెరుచుకోలేదు" అన్నాడు.

"అయ్యయ్యో" అన్నాడు రైతు. "మీరు మంచివాళ్ళండీ, ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఇంత ఎండలో ఆగారు."

"ఆగాలి కదండీ మరి" అన్నాడు వెర్లిన్. ఆఖరి కారు దాటేదాకా టోపీ పెట్టుకోలేదు.