హాస్టల్ గడప దాటని బియ్యం మూట

ఉదయం 4:40కి కోరుట్లలో ఎక్కిన బస్సు 215 కిలోమీటర్లు నడిచి 10:15కి మమ్మల్ని హైదరాబాద్‌లో దింపింది. యూనివర్సిటీలో చేరడానికి వచ్చిన నా వెంట బీడీలు చుట్టే అమ్మ ఉంది. ఆమె కాళ్ల దగ్గర 25 కిలోల బియ్యం మూట.

మా కోరుట్లలో చదువుకునే పిల్లలు గది తీసుకుని, ఇంటి బియ్యం తెచ్చుకుని వండుకుంటారు. హాస్టల్‌లోనూ బియ్యం ఇస్తే ఖర్చు తగ్గుతుందని అమ్మ లెక్క. దాన్ని సరిచూడకుండానే నేను ఒక ప్రైవేటు హాస్టల్‌కు రెండు వేలు అడ్వాన్సు పంపాను.

అక్కడ ఒక మంచానికి భోజనంతో కలిపి నెలకు 7,500. మేం పెట్టగలిగింది ఐదు వేలు. అంతకు మించితే సీటు వదులుకోవాలి.

"బియ్యం మేమే ఇస్తం గదమ్మా, జర తగ్గియ్యి" అంది అమ్మ.

"మీ బిడ్డకు వేరే కుండల వండాల్నా అక్కా? తిన్నా తినకున్నా గంతే" అంది హాస్టల్ యజమానురాలు.

"తినకున్నా పైసలేనా? మా బీడీల సేటే నయమున్నడు, చుట్టినయే లెక్కవెడ్తడు."

అమ్మను అక్కడే కూర్చోబెట్టి, యూనివర్సిటీ నోటీసు బోర్డులో గది ప్రకటన కింద చూసిన నంబరుకు ఫోన్ చేశాను. యూనివర్సిటీకి 3.2 కిలోమీటర్ల దూరంలో ఇద్దరు సీనియర్లు వండుకుంటూ ఉండే గదిలో మూడో మనిషికి చోటు దొరికింది. గడువైన సాయంత్రం నాలుగులోపు యూనివర్సిటీ ఫీజు కట్టేశాను.

బియ్యం మా మూటలోవే. నెలకు అద్దె వాటా 2,800, గ్యాసు, కరెంటు 450, కూరగాయలు, పప్పులు 1,200, బస్ పాస్ 400; మొత్తం 4,850 రూపాయలు. పోయినవి: తిరిగి రాని అడ్వాన్సు రెండు వేలు, రోజుకు బస్సులో యాభై నిమిషాలు, అమ్మకు ఒక రోజు కూలి.