మేకల వంతు నీళ్లు

నీళ్లు పొదుపుగ వాడాలె, గుట్టను కాపాడాలె అని మంది ముంగట చెప్పుడు నా నౌకరి. నవ్వకుండ్రి, నిజంగనే గదే నౌకరి.

అచ్చంపేట దాటి పైకి పోతే మా ఊరు. తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు పట్నం కెల్లి ఎవలో వచ్చి మా గుట్ట మీద జాగ కొని గుడిసెలేసిన్రు. పైన గడ్డి, లోపల సిమెంటు గోడలు. ప్రతి గుడిసెకు తెల్లటి బాత్రూము, దాంట్ల నెత్తి మీద వాన లెక్క పడే నల్లా. వచ్చినోళ్లకు ప్రకృతిని ప్రేమించుడు నేర్పుతమని గేటు కాడ పెద్ద బోర్డు. అన్నం వండుడు, పొద్దుగూకినంక అందర్ని అరుగు మీద కూసోబెట్టి గుట్ట ముచ్చట చెప్పుడు నా పని. మేనేజరు సారు నాకంటె చిన్నోడే. "అక్కా, నీ మాటల మట్టి వాసన ఉంది, నువ్వే చెప్పాలె" అన్నడు. నాకు గూడ సంబురమైంది.

నేను మా చెలిమె గురించే చెప్తుంటి. గుడిసెలకు దిగువన పెద్ద బండ పక్కన మోకాలు లోతు గుంత అది. ఎంత ఎండకాలమైనా అడుగు కెల్లి నీళ్లు ఊరుతయి. మేకలు కాసే మా అమ్మ దాంట్ల ఎవ్వల్నీ కాలు పెట్టనియ్యది, బిందె ముంచనియ్యది. కొబ్బరి చిప్పతోని తోడుకోవాలె, అయిపోతే మళ్ల ఊరేదాక కూసోవాలె. పోయే ముందల రెండు చిప్పల నీళ్లు బండ మీది గుంతల పొయ్యాలె. గవి మేకల వంతు. మేకలే కాదు, పిట్టలు, అడివి పందులు, ఏది వచ్చినా తాగి పోతయి. మా తాతల కాలం కెల్లి గట్లనే నడుస్తాంది.

గీ ముచ్చట చెప్తే పట్నపోళ్లు నోరు తెరుసుకోని ఇంటుండిరి, చప్పట్లు కొడుతుండిరి. చెప్పొద్దని సారు నాకు ముందే చెప్పింది ఒకటుండె. గదే చెలిమెను నడుము లోతు దాక తవ్వి, సిమెంటు రింగులు దించి, మోటరు పెట్టిన్రు. గా తెల్లటి బాత్రూములకు వచ్చే నీళ్లు గవే.

వానకాలం ఎల్లింది, చలికాలం ఎల్లింది. ఎండలు ముదరంగనే, మోటరు గుంజుడుకు చిప్పకు నీళ్లందక, బండ మీది గుంత ఎండిపోయింది. "మేకలు ఉత్త బండను నాకుతున్నయే బిడ్డా" అన్నది అమ్మ. సారును అడిగిన. "ట్యాంకర్ తెప్పిస్త అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నడు. ట్యాంకర్ లేదు, గీంకర్ లేదు. మళ్ల అడిగిన. పైకి చెప్పిన అన్నడు. పైకంటె ఎవలికి, దేవునికా?

గప్పుడే ఒకాయన పెండ్లాం పిల్లలతోని తెల్ల కారుల వచ్చిండు. పొద్దుమీకి నా ముచ్చట విని అందరికంటె గట్టిగ చప్పట్లు కొట్టిండు. ఇక్కడికి వచ్చినోళ్లకు ఇచ్చే పచ్చ టోపీ పెట్టుకోని నాతోని ఫొటో గూడ దిగిండు. తెల్లారి చూస్తే ఏముంది! గదే టోపీ నెత్తి మీద పెట్టుకోని, నల్లాకు పైపు తగిలిచ్చి, కారు కడుగుతుండు. సబ్బు నీళ్లు కాలువ కట్టి కిందికి పోతున్నయి. మా మేకలు ఎగబడి గా సబ్బు నురుగుల మూతి పెడుతున్నయి. మా అమ్మ ఒక్కతి కట్టె పట్టుకోని, హోయ్ హోయ్ అని ఒక్కొక్కదాన్ని ఎళ్లగొడుతాంది. దూప మీదున్న మేక కట్టెకు భయపడుతదా?

ఆయనకు గిదేం పట్టలే. కారు తుడిసి తానానికి పోయిండు.

అమ్మ నా దిక్కు చూసింది. "రాత్రి వీళ్లకు చెప్పినవా?" అన్నది.

"చెప్పిన."

"ఏం చెప్పినవే మరి?"

నాకు ఒళ్లంత మంట లేసింది. ఉరికిపోయి మోటరు డబ్బల ఫ్యూజు పీకి కొంగుకు ముడేసుకున్న. జర సేపటికి బాత్రూముల కెల్లి ఒకటే మొత్తుకునుడు. నెత్తి నిండ సబ్బు, నడుముకు తువ్వాల, కండ్లు మూసుకోని గా కారాయన బయటికొచ్చిండు. "నీళ్లేవి?" అని కొట్లాడిండు. రాండ్రి సారూ, నీళ్లు చూపిస్తనని గదే అవతారంల చెలిమె కాడికి తోలుకపోయిన. చిప్ప చేతుల పెట్టిన. "అడుగున ఊరుతున్నయి. నిండేదాక కూసోండ్రి. రాత్రి మీరు చప్పట్లు కొట్టింది గీ చెలిమెకే" అన్న.

తిట్టుకుంట కూసుండు. కండ్లల్ల సబ్బు మండుతాంది. మండనియ్యి అనుకున్న. నాకేం జాలి కలుగలే, ఇప్పటికీ కలుగది. మా అమ్మకు మాత్రం పానం ఆగలే. చిప్ప గుంజుకోని, అడుగున ఊరిన గా నాలుగు చుక్కల నీళ్లు తోడి, కన్న కొడుకుకు కడిగినట్టు ఆయన కండ్లు కడిగింది. ఎనక మేకలు నాలుకలు సాపి చూస్తున్నయి. ఆయన తువ్వాల సదురుకోని పోయిండు. థాంక్స్ అన్న ముక్క గూడ లేదు.

సారు ఉరికొచ్చి ఫ్యూజు గుంజుకోని మళ్ల పెట్టిండు. నౌకరి పోయిందనే అనుకున్న. పోతే పోనీ, మోటరన్న తీస్తరు అనుకున్న. రెండు గూడ కాలే. గుడిసెలేసిన పట్నపోళ్లు వాళ్లల్ల వాళ్లు మాట్లాడుకోని, గీ ఉపాయం మస్తుగుంది అనుకున్నరంట. దానికి 'చెలిమె అనుభవం' అని పేరు పెట్టిన్రు. వచ్చినోళ్లకు తలా ఒక చిప్ప ఇచ్చుడు, చిన్న బిందె నెత్తి మీద పెట్టుడు, ఫొటోలు దింపుడు. చెప్పులతోనే దిగి పిల్లలు దాంట్ల ఎగిరిన్రు. మా అమ్మ అద్దనుకుంట కట్టె పట్టుకోని అడ్డం పోతే, ఆమె నెత్తిన గూడ ఒక పచ్చ టోపీ పెట్టి ఫొటో దింపిన్రు! గా ఫొటో అద్దం కట్టిచ్చి అరుగు మీది గోడకు తలిగేసిన్రు. సిగ్గు షరం ఉన్నోళ్లు చేసే పనేనా అది? మోటరు మోటరు లెక్కనే నడిసింది.

కొన్ని దినాలకు, ఊరినయి ఊరినట్టే మోటరు గుంజంగ, చెలిమెల బురద తప్ప ఏం మిగల్లే. మా అమ్మ గుట్ట దిగింది. గీ వయసుల మేకలను తోలుకోని నందికొండ దిక్కు, కృష్ణ ఒడ్డున ఉన్న మా చిన్నమ్మ ఇంటికి నడిసి పోయింది. పోయేటప్పుడు నన్ను ఒక్క మాట అనలే. అంటె బాగుండు.

గా పొద్దుమీకి మళ్ల మందిని కూసోబెట్టిన్రు. ఒకామె గోడ మీది ఫొటో చూపిచ్చి, "ఈ పెద్దమ్మ ఎక్కడ? ఆమెతోని ఫొటో దిగుదామని వచ్చినం" అన్నది. దాసిపెట్టకుంట అన్నీ చెప్పిన. "గామె మా అమ్మ. మీరు పొద్దున తానం చేసిన నీళ్లు ఆమె మేకలయి. ఇక్కడ తాగెతందుకు చుక్క లేక గుట్ట దిగి పోయింది" అన్న.

ఫొటోలు దింపేటోళ్లు గూడ ఫోన్లు కిందికి దించిన్రు. ఎక్కిందేమో అనుకున్న.

తర్వాత చప్పట్లు కొట్టిన్రు. ఎంత బాగ చెప్పినవమ్మా అని గా ఫొటో అడిగినామె కండ్లు గూడ తుడుసుకుంది. సారు ఎనక కెల్లి, "అక్కా, రేపటి కెల్లి గిట్లనే చెప్పు" అన్నడు.

గోడ మీది మా అమ్మ ఫొటో తీసి సంకల పెట్టుకున్న. మోటరు డబ్బ కాడికి పోయి ఫ్యూజు పీకి మళ్ల కొంగుకు ముడేసుకోని గుట్ట దిగిన. ఇంకొకటి కొనుక్కోని పెట్టుకునే ఉంటరు, నాకు తెల్వదా? అయినా గిది మాత్రం ఇయ్య.