గురువారం నాలుగింటి పాఠం

ఏలూరంతా గాలించినా ఆ రోజుల్లో పియానో ఉన్న ఇళ్లు మూడో నాలుగో. అందులో పాఠం చెప్పే ఇల్లు ఒక్కటే, కాలవ గట్టు పక్కన పెంకుటింట్లో ఉండే కనకరత్నం గారిది. ఒంటరి మనిషి, నలభై ఆరేళ్లు, ఎప్పుడూ తెల్లచీరే. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. నిజం చెప్పొద్దూ, నవ్వడానికి ఆవిడకు మాత్రం ఎవరేం మిగిల్చారు గనక!

వట్లూరులో పుట్టింది. ఐదేళ్లప్పుడు అమ్మానాన్నలను కలరా ఎత్తుకుపోతే మిషన్ బంగళాలో దొరసాని చేరదీసి పెంచింది. పియానో నేర్పింది. నేర్పిందంటే ముద్దు చేసి కాదు, తప్పు పడ్డప్పుడల్లా వేళ్ల కణుపుల మీద రూళ్లకర్రతో. అన్నేళ్లలో ఆ దొరసాని నోట ‘బాగుంది’ అన్న మాట రాలేదు. ముసలిదై ఓడెక్కి వెళ్లిపోతూ పియానోను ఎడ్లబండి మీద కనకరత్నం ఇంటికి పంపించింది, పాఠాల నిబంధనలు రాసుకున్న కాగితంతో సహా. కనకరత్నం దాన్ని తెలుగు చేసి, అద్దం కట్టించి, వరండాలో మేకుకు తగిలించింది.

అబ్బో, ఆ కాగితం! దాన్ని చూసే సగం మంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వెనక్కి తిరిగేవారు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని రావాలట. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ వారం పాఠం లేదట. రోజూ గంటసేపు సాధన చెయ్యాలి, చెయ్యకుండా వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేస్తారు. ఇంట్లో పియానో లేనివాళ్లు చెక్క మీద పియానో మెట్లు గీయించుకుని దాని మీద వేళ్లాడించాలి. వెంట వచ్చిన పెద్దవాళ్లు వరండా దాటకూడదు, పియానో మీద చెయ్యి వెయ్యకూడదు. మూడు వారాలు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇవి కాక కాగితం మీద లేని నిబంధన ఇంకొకటి ఉంది. ఒక్క తప్పు కూడా లేకుండా వాయిస్తే తప్ప ఆవిడ ‘బాగుంది’ అనదు. పాఠాలు మొదలెట్టిన ఏడేళ్లలో ఒక్క పిల్లకూ ఆ మాట దక్కలేదు.

పంతొమ్మిది వందల ముప్ఫై ఐదు చివర్లో సలోమి వచ్చి చేరింది. కొల్లేటి లంకలో పడవలు కట్టే దేవరాజు కూతురు, పధ్నాలుగేళ్ల పిల్ల. మిషన్ బడిలో పాటలు నేర్పే పంతులమ్మ కావాలని దాని ఆశ. ప్రతి గురువారం తండ్రి దోనె మీద సరస్సు దాటించి, అక్కణ్ణుంచి నడిపించుకుని నాలుగింటికల్లా తీసుకొచ్చేవాడు. తలపాగా విప్పి, వరండా మెట్ల దగ్గరే కూర్చునేవాడు. ఒక్క రోజు ఆలస్యం లేదు. ఒక్కసారి గోళ్లలో మట్టి లేదు.

మొదట్లో పిల్ల చురుగ్గానే ఉంది. చెయ్యి కదపకుండా ఐదు వేళ్ల కింద ఐదు మెట్లతో అయిపోయే పాఠాలు ఇట్టే పట్టేసింది. చెయ్యి చాపి ఎనిమిదో మెట్టు అందుకోవాల్సిన జోలపాట ఇచ్చాక మొదలైంది తంటా. చిటికెన వేలు ప్రతిసారీ దాన్ని దాటి పక్క మెట్టు మీద పడేది. ప్రతిసారీ! ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. ఇది సాధన చేసే పిల్ల వాయింపు కాదని కనకరత్నం తేల్చేసుకుంది.

ఆషాఢంలో ఒక గురువారం, జల్లు పడుతుండగా, పాట సగంలో ఆపించింది.

“నువ్వు సాధన చెయ్యడం లేదు. లే.”

“చేస్తున్నానండీ,” అంది సలోమి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక్క క్షణం కూర్చుని, లేచి, తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ వానలో గట్టు వెంట నడిచి వెళ్లడం కనకరత్నం కిటికీలోంచి చూసింది. పిలుద్దామా అనుకుంది కూడా. నిబంధన నిబంధనే కదా అని ఊరుకుంది.

ఆ తర్వాత వారం పిల్ల రాలేదు. మూడు వారాలు చూసి, పేరు కొట్టేసి, ఆ గంటను ప్లీడరు ఉమాపతి గారి అమ్మాయికి ఇచ్చేసింది. ఇచ్చిన రెండో రోజున లంక నుంచి పాస్టరు గారు చీటీ పంపారు. లంకంతా జ్వరాలట. సలోమి పోయి పదిహేను రోజులైందట. అంటే పేరు మీద ఎర్రసిరా గీత గీసేనాటికే పిల్ల మట్టిలో ఉంది. కనకరత్నం ఆ చీటీ రెండుసార్లు చదివింది. ఏడుపు రాలేదు. రాలేదని తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం నాలుగయింది. ప్లీడరు గారి అమ్మాయి వాయిస్తోంది. కనకరత్నానికి ఎక్కడో చెక్క మీద వేళ్లు కొడుతున్న చప్పుడు వినిపించింది. టక్, టక టక్. ఎవరా చప్పుడు చేసేదని అడిగితే ఆ అమ్మాయి బిత్తరపోయి, ఎవరూ లేరండీ అంది. వానాకాలం చెమ్మకు మెట్లు బిగుసుకుపోకుండా పియానో కడుపులో చిన్న లాంతరు వెలిగించి పెట్టడం ఆవిడకు అలవాటు. ఆ వేడికి చెక్క చిటపటలాడుతోందనుకుంది. లాంతరు తీసేసినా చప్పుడు పోలేదు. ఐదు గంటలకు ఆగింది.

మరుసటి గురువారం మళ్లీ అంతే. ఆవిడ ఆ అమ్మాయిని శనివారానికి మార్చేసి, గురువారం నాలుగింటి గంటను ఖాళీగా ఉంచేసింది. తలుపులు వేసుకుని ఆ గంటసేపూ కూర్చుని వినేది. భయం లేదని చెప్పను. కానీ భయం కన్నా ఒక ప్రశ్న ఎక్కువగా పీక్కుతినేది. ఆ పిల్ల నిజంగా సాధన చేసిందా? చెయ్యకపోతే తన తప్పేమీ లేదు. చేసి ఉంటే?

కార్తీకంలో ఒక గురువారం దేవరాజు వచ్చాడు. సగానికి సగం అయిపోయాడు మనిషి. చంకలో గోనెసంచి చుట్టిన చెక్క. ఎప్పటిలాగే వరండా మెట్ల దగ్గర ఆగిపోయాడు.

“పియానో లేని పిల్లలెవరైనా ఉంటే ఇది ఇమ్మందండీ మా సలోమి,” అని చెక్క ఆవిడ ముందు పెట్టాడు.

పడవ కట్టగా మిగిలిన పలక. తెల్ల మెట్లకు సున్నం, నల్ల మెట్లకు పడవ అడుగున పూసే తారు. కొన్ని మెట్ల మీద సున్నం పూర్తిగా అరిగిపోయి, కింద కర్ర నున్నగా బయటపడింది. కనకరత్నం ఆ అరుగుళ్లను వరసగా చూసుకుంటూ పోయింది. అది జోలపాటే. ఎక్కడెక్కడ వేలు పడాలో అక్కడే అరిగింది. పడకూడని చోట ఒక్క మెట్టూ చెక్కు చెదరలేదు.

మెల్లగా తన చెయ్యి చెక్క మీద పెట్టి, బొటనవేలు ఆనించి, ఎనిమిదో మెట్టుకు చిటికెన వేలు చాపింది. అందలేదు. ఏడో మెట్టు మీదే పడింది. మెట్లు వెడల్పుగా ఉన్నాయి.

“కొలత ఎలా తీసుకున్నారండీ?” అని అడిగింది.

“వరండా దాటొద్దన్నారు కదండీ. ఆ కిటికీలోంచి చూసి మెట్లు లెక్కెట్టుకున్నానండీ. వెడల్పేమో నా బొటనేలి లెక్కన ఏసేను.” ఆగి, ఆవిడ మొహంలోకి చూశాడు. “సరిపోయిందాండీ?”

పడవలు కట్టే చేతి బొటనవేలది, పియానో మెట్టు కన్నా వెడల్పు. ఆ చెక్క మీద ఎంత నిజాయితీగా సాధన చేస్తే ఈ పియానో మీద అంత కచ్చితంగా తప్పు పడుతుంది. కొలతేమిటో రాయని కాగితం ఆవిడ తల పక్కనే మేకుకు వేలాడుతోంది.

“సరిపోయిందండీ,” అంది కనకరత్నం. ఆవిడ జీవితంలో ఆడిన అబద్ధాలు బహుకొద్ది. ఇది మాత్రం తడుముకోకుండా ఆడింది.

దేవరాజు ఊపిరి వదిలాడు. తలపాగా గుడ్డ నలుపుతూ, ఎనిమిది నెలలు ఇంట్లో చెక్క చప్పుడే విన్నాననీ, అసలు ఆ పాట ఎలా ఉంటుందో తనకు తెలియదనీ, ఒక్కసారి వాయిస్తే వరండా మెట్ల దగ్గరే కూర్చుని విని వెళ్లిపోతాననీ అన్నాడు.

“లోపలికి రండి,” అంది ఆవిడ.

చెక్కను తానే ఎత్తి తీసుకెళ్లి, వెనక బల్ల మీద పెట్టింది. దేవరాజును కుర్చీలో కూర్చోమంది. గడియారం నాలుగు కొట్టింది. కనకరత్నం వాయించడం మొదలుపెట్టింది. రెండో వరసలో ఉండగా వెనక నుంచి టక్, టక టక్ అని మొదలైంది. పియానోకు సరిగ్గా జతగా, ఎక్కడా వెనకబడకుండా, చెయ్యి చాపే చోట కూడా తడబడకుండా. పాపం, తండ్రి పట్టలేక వేళ్లతో తాళం వేస్తున్నాడనుకుంది. కళ్లు మసకబారుతుంటే అలాగే చివరిదాకా వాయించి, వెనక్కి తిరిగింది.

దేవరాజు రెండు చేతులూ తలపాగా గుడ్డను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అతను చూస్తున్నది ఆవిణ్ణి కాదు, బల్ల మీది చెక్కను.

“మా ఇంట్లోనూ వినపడతాదండీ,” అన్నాడు చాలా మెల్లగా. “నా ఒక్కడి చెవులకేనేమో అనుకున్నాను.”

కనకరత్నం లేచి వెళ్లి బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. సున్నం అరిగిన మెట్ల మీద అరచెయ్యి ఆనించింది.

“బాగుందమ్మా,” అంది. “చాలా బాగా వాయించావు.”