కుర్చీ వెనక చెయ్యి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడూ లేదు. కంప్యూటర్ మీద ఉద్యోగ పరీక్షలు నిర్వహించే ఒక పెద్ద సంస్థకు ఏలూరులో ఉన్న సెంటర్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఎవరేం చెప్పినా ముందు అడిగే మాట ఒకటే: "కెమెరాలో ఉందా?"

బయటివాళ్ళ దృష్టిలో మేం రాతిమనుషులం. చెవికమ్మలు తీయించేదీ మేమే, ఆలస్యమైతే గేటు మూసేదీ మేమే. పడ్డ శాపనార్థాలకు లెక్కలేదు. అయినా మా సంస్థంటే నాకు గౌరవం. అత్తిలి కూలీ కూతురికైనా, ఏలూరు లాయరు కొడుక్కైనా అదే కుర్చీ, అదే గడియారం. ఎవరి సిఫారసూ ఆ గుమ్మం దాటదు. ఆ గౌరవం నాకు నేర్పింది మా సెంటర్ హెడ్ సువర్ణ మేడమ్.

ఆవిడ కళ్ళజోడు ఎప్పుడూ నల్లతాడుతో మెడలో వేలాడుతూ ఉండేది. నవ్వడం తక్కువ. పరీక్ష రాసేవాళ్ళను తాకకూడదు, మాట్లాడకూడదు అని మాకు రూలు. కరెంటు పోయి స్క్రీన్లు ఆగితే మాత్రం, హాల్లో అందరికన్నా ఎక్కువ బెదిరినవాళ్ళు ఎవరో ఆవిడకు ఎలా తెలిసేదో, నేరుగా అక్కడికే వెళ్ళేవారు. కుర్చీ వెనక ఒక చెయ్యి వేసి, రెండో అరచెయ్యి 'ఆగు' అన్నట్టు చూపించేవారు. రూలూ తప్పేది కాదు, పిల్లలకు ధైర్యమూ వచ్చేది.

కిందటేడు ఆవిడ జబ్బుచేసి పోయారు. తాడేపల్లిగూడెం చర్చిలో జరిగిన ప్రార్థనకు అందరం వెళ్ళాం. సామాన్యంగా ఏడవని నేను ఆ రోజు ఏడ్చాను.

తర్వాత వానాకాలంలో, ఒక ఉదయం పరీక్షకు, జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏవండీ, మా అమ్మాయికి బొత్తిగా వినపడదండీ. వయసు దాటిపోతంది, ఇదే ఆఖరి చాన్సండీ. కాస్త కనిపెట్టుకోండి బాబూ."

"నిశ్చింతగా కూర్చోండి, నేను చూసుకుంటానండీ," అన్నాను.

పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్లు బ్యాటరీ మీద నడిచాయి గానీ స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. అలాంటప్పుడు కదలకుండా కూర్చుంటే అంతా దానంతటదే సర్దుకుంటుంది. ఇంట్లో టీవీ ఆగితే చేసినట్టు బటన్ నొక్కారో, ఆ సీటు లాక్ అయిపోతుంది. పైనుంచి అనుమతి వచ్చేలోపు పరీక్ష అయిపోయినా అయిపోవచ్చు.

"ఎవరూ ఏదీ ముట్టుకోకండి!" అని ఇన్విజిలేటర్ మైకులో చెప్తోంది. నేను సర్వర్ గదిలో ఉన్నాను. మైకు ఆ అమ్మాయికి వినపడదని తట్టగానే హాలు వైపు పరిగెత్తాను.

వెళ్ళేసరికి ఆ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని నిమ్మళంగా కూర్చుని ఉంది. కాసేపటికి స్క్రీన్లు కదిలాయి. అమ్మయ్య అనుకున్నాను.

పరీక్షయ్యాక గేటు దగ్గర ఆ తండ్రి చేతులు జోడించాడు. "ఆ పెద్ద మేడమ్ గారికి దణ్ణాలు చెప్పమంటందండీ మా అమ్మాయి."

"ఏ మేడమ్ అండీ?"

తండ్రి సైగతో అడిగితే, ఆ అమ్మాయి తన మెడ చుట్టూ తాడు ఉన్నట్టు వేలితో గీసి చూపించింది. వేళ్ళతో కళ్ళజోడు చుట్టింది. తర్వాత అరచెయ్యి ఎత్తి 'ఆగు' అంది.

ఆ పూట హాల్లో డ్యూటీలో ఉన్న ఆడమనిషి ఇన్విజిలేటర్ ఒక్కతే. ఆమెకు కళ్ళజోడు లేదు, మైకు దగ్గర నుంచి కదల్లేదు.

ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. వాళ్ళ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మా సంస్థలో పనిచేస్తున్నందుకు అంత గర్వపడింది ఎప్పుడూ లేదు.

కెమెరా రికార్డింగు మాత్రం పరీక్ష రోజు సాయంత్రమే చూశాను. స్క్రీన్ ఆగగానే ఆ అమ్మాయి వేలు బటన్ మీదికి పోయింది. నొక్కబోయి ఆగింది. తలెత్తి భుజం మీదుగా వెనక్కి చూసి, తలూపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వెనక ఎవరూ లేరు. కాసేపటికి కుర్చీ ముందుకు జరుపుకుంది, ఆ ఇరుకు వరసలోంచి ఎవరో పోవడానికి దారిచ్చినట్టు.

దాన్నైనా ఏదో ఒకటి అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఆ తర్వాత ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది నేను. లోపలికి అడుగు పెట్టబోయి, ఆగి, పెద్దవాళ్ళు ఎదురొస్తే తప్పుకున్నట్టు పక్కకు తప్పుకున్నాను.

ఎవరికి దారిచ్చానో నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా ఈ రోజుకీ అర్థం కాలేదు. కెమెరాలో మాత్రం ఉంది.