గరుకుకాగితానికి కుంకుమ

నేను మంచివాణ్ణని ఊరంతా చాటుకున్న ఆరు నెలల గురించి రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు. వేరే ఏమీ లేదు.

మాది బొబ్బిలి దగ్గర వీణలు చేసే పని. పనసదుంగను ఉలితో తొలిచి, గుండ్రటి కుండా, పొడవాటి దండీ ఒకే చెక్కలో తీస్తాం. ఒక వేసవిలో ఒకతను వాకిట్లో సైకిలు దిగి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. పొలంగట్టు మీద నీళ్ల తగువులో కోపం పట్టలేక కొడవలి విసిరాడట, దాయాది ప్రాణం పోయింది. శిక్ష పూర్తిచేసుకుని వచ్చాడు. ఏదీ దాచకుండా తనే చెప్పాడు.

"జైల్లో వడ్రంగం నేర్సుకున్నాను బాబూ. ఎక్కడ పనికెల్లినా, సంగతి తెల్సీసరికి రేపట్నుంచి రావొద్దంటన్నారు. మీరైనా సూడండి."

పనిలో పెట్టుకున్నాను. పెట్టుకుని ఊరుకున్నానా? టీకొట్టు దగ్గరా, పెళ్లిళ్లలోనూ, నలుగురు కనబడితే చాలు గొప్పలు పోయాను. "పాపం, మనం కాపోతే ఎవులు సూత్తారు" అని నిట్టూర్చడం ఎంత హాయిగా ఉండేదో! నా నోరు పడిపోను.

కానీ అతనికి ఉలి ఇవ్వలేదు. మేం చెక్కిన వీణల్ని గరుకుకాగితంతో రుద్ది నునుపు చేసే పని అప్పగించాను. ముందు చెక్క అలవాటు కానీ అన్నాను. మా దగ్గర ఎవరి ఉలులు వాళ్లవే, ఒకరివి ఒకరు ముట్టుకోరు. నేనిస్తే తప్ప అతనికి ఉలి రాదు. నిజానికి నాకు భయం. అతను నా వెనకనుంచి నడిచి వెళ్తే మెడ బిగుసుకుపోయేది. సాయంత్రం అతని సైకిలు వీధి మలుపు తిరిగాక, తలుపు దగ్గరగా వేసి ఉలులన్నీ లెక్కపెట్టుకునేవాణ్ణి. రోజూ సరిపోయేవి. అయినా మర్నాడు మళ్లీ లెక్కపెట్టేవాణ్ణి.

అతని భార్యా, కూతురూ పొందూరు వైపు ఆమె పుట్టింట్లో ఉన్నారు. పనివాడని నలుగురిలో పేరు వచ్చాకే వాళ్లను పంపుతానని ఆమె అన్నగారు తెగేసి చెప్పాడు. దసరాకు వారం ముందు అతను నా దగ్గరకొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"పండగ్గి మా బావ సూడ్డానికొస్తన్నాడు బాబూ. పూజలో నా పేరున ఒక్క ఉలెట్టండి. అది సూత్తే ఇంటిదాన్నీ పిల్లనీ పంపీత్తాడు."

మా కార్ఖానాలో ఆయుధపూజకు ఎవరి పనిముట్లు వాళ్లు పీట మీద పెడతారు. పూజయ్యాక ఇంటి పెద్ద ఒక్కొక్కణ్ణీ "రా మేస్త్రీ" అని పిలిచి, కుంకుమ పెట్టిన పనిముట్టు చేతికి అందిస్తాడు. అలా అందుకున్నవాడే పనివాడు. మా నాన్న పోయాక అందించేది నేనే.

"సూద్దాంలేరా" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి విన్నది. అతను వెళ్లగానే నా మీద పడింది. "ఏటి సూద్దాం? మీ నాన్న ఉలి అటక మీద తుప్పట్టిపోతన్నాది. అన్నం ఎడతావు గానీ ఉలెట్టలేవా?"

"నీకేటి తెల్సు, నోర్ముయ్" అన్నాను. అన్నానే గానీ పండగ పొద్దున నేనే అటక ఎక్కి ఆ ఉలి దించాను. తుడిచి, నా వెనక కిటికీలో పెట్టుకున్నాను.

బావగారు వచ్చి గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాడు. పీట మీద ఉలులూ, బాడిసెలూ, రంపాలూ వరసగా ఉన్నాయి. చివర, నాలుగు మడతలు పెట్టిన కొత్త గరుకుకాగితం. అతనే పెట్టుకున్నాడు. దానికీ కుంకుమ బొట్టు పెట్టాడు. అందర్నీ మేస్త్రీ అని పిలిచి అందించాను. చివరికి అతను ముందుకొచ్చి చూపు కిటికీ మీద ఉంచాడు. నా చెయ్యి అటు వెళ్లింది. వెళ్లి, పాడు చెయ్యి, వెనక్కి వచ్చేసింది.

"ఇదిగోరా" అని గరుకుకాగితం ఇచ్చాను. మేస్త్రీ అన్న మాట కూడా నోట రాలేదు.

అతను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. బావగారు లేచి, బస్సుకు టైమయిందన్నాడు. మా ఆవిడ ఇవ్వబోయిన పులిహోర కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. బావ వెనకాల అతను పరిగెత్తలేదు. మర్నాడు వచ్చి, సగంలో ఆగిన వీణను సాయంత్రం దాకా రుద్ది నునుపు చేశాడు. ఆ తర్వాత రాలేదు.

మూడేళ్లయ్యాక చుట్టాల ఇంటికని వెళ్తూ నౌపడలో దిగితే, ఉప్పుమడుల్లో కనబడ్డాడు. చేతిలో ఉప్పు లాగే కర్రపలక ఉంది, తనే చెక్కుకున్నది. గట్టు మీదకొచ్చి, మా ఆవిడ బాగుందా అని అడిగాడు. ఇంటిదీ పిల్లా వచ్చారా అని నేను అడిగాను.

"రానేదు బాబూ."

నాకు ఏడుపొచ్చింది. "తప్పయిపోనాదిరా. వొచ్చీ. ఈసారి ఉలి నేనే ఇస్తాను."

"అంత మాటెందుకు బాబూ. అన్నం ఎట్టేరు, మర్సిపోను." పలక అంచుకు అంటిన ఉప్పును బొటనవేలితో తుడిచాడు. "ఇక్కడ బాగానే ఉన్నాది. సాయంత్రం దీన్ని గట్టు మీదే ఒగ్గీసి ఎలిపోతాను. ఎవులూ లెక్కెట్టుకోరు."

నేను తలుపేసుకునే కదా ఉలులు లెక్కపెట్టాను.