మా మిద్దె మీది అద్దాల గూడు

మొన్న ఎదురింటాయన కొత్త ఇల్లు కడుతూ, "మాస్టారూ, మీ మిద్దె మీదున్నట్టే మేవూ అద్దాల గూడు పెట్టిస్తన్నాం. ఎలుగు బాగొస్తాది కదా?" అని అడిగాడు. వెలుగు సంగతి సరే, గాలి సంగతేమిటన్నాను. "అద్దాలకి గాలెందుకండీ!" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను.

రాష్ట్రం రెండయిన ఏడాది పొందూరులో మేం ఈ ఇల్లు కట్టాం. మా మేనత్త మాతోనే ఉండేది. సన్న నూలు వడికే చెయ్యి ఆమెది. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, ఏకులు చేసి, అరటి దొప్పలో చుట్టుకుని రాట్నం ముందు కూర్చుందంటే పిలిచినా పలికేది కాదు. చూపు తగ్గుతోందని ఆమె కోసమే హాలు నడిమధ్య కప్పులో చోటు వదిలి, పైన అద్దాల గూడు కట్టించాను. అందులో రెండు అద్దాలు తాడు లాగితే తెరుచుకునేవి. ఊళ్ళో కనిపించిన వాళ్ళనల్లా ఇంటికి లాక్కొచ్చి ఆ తాడు లాగి చూపించేవాణ్ణి. "గుడి గంట కొడుతున్నారా?" అని మా ఆవిడ వెక్కిరించేది.

ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. అద్దాలు తెరిస్తే గాలి విసురుగా దిగి, దువ్విన దూదంతా ఎగరగొట్టేది. "ఒరే, అవి మూసీరా! దూది ఎగిరిపోతాదని ఫేనే ఏసుకోకుండా సస్తంటే, పైనుంచి గాలి దింపుతావేటి?" అని అత్త కసిరింది. దానికి తోడు తుఫానుకి హాల్లో వాన పడింది. మేస్త్రీని పిలిచి సందులన్నీ సిమెంటుతో బిగించెయ్యమన్నాను. అతను తల గోక్కున్నాడు. "పూర్తిగా మూసీకండి బాబూ. పైన రెండు పక్కలా సందులొగ్గేసి ఏటవాలు పలకలేస్తాను. ఏడి పైకెళ్ళిపోతాది, వాన రాదు, కింద దూది కదల్దు. ఒక పూట పని" అన్నాడు. "అద్దాలకి గాలెందుకయ్యా! వచ్చే వేసంగికి చూద్దాంలే" అని సందులన్నీ సిమెంటుతో మూయించేశాను. వచ్చే వేసంగి రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

మూడో వేసంగిలో ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి రాట్నం చప్పుడు లేదు. అత్త పీట మీంచి పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. దూది కోసం కిటికీలన్నీ ఆమే మూసుకుంది. ఇద్దరం కలిసి వరండాలోకి మోశాం. మా ఆవిడ తడిగుడ్డలు వేస్తూ ఏడుస్తోంది. అంబులెన్సు వాళ్ళు దారిలో ఉన్నామంటారు, రారు. అత్త పెదాలు కదిలాయి. "గాలి... గాలిరా..." అంది. జీవితమంతా గాలికి భయపడిన మనిషి గాలి అడిగింది దేవుడా! నాకు పిచ్చెక్కినట్టయింది. ఆమె ఇప్పుడు లోపల లేదన్న సంగతి కూడా తట్టలేదు. గునపం పట్టుకుని మిద్దెక్కి అద్దాలు బద్దలుకొట్టాను. లోపలి వేడి ఒక్కసారిగా నా మొహాన కొట్టింది. దాంతోపాటే అత్త దువ్వుకున్న దూది నా కళ్ళ ముందునుంచే పైకి లేచిపోయింది. ఇంత వేడి కిందనా ఈ మనిషిని కూర్చోబెట్టాను అనుకుంటూ, గునపం పడేసి అత్త దగ్గరికి పరుగెత్తాను.

అత్త బతికింది. చేతికి మాత్రం వణుకు పట్టుకుంది, నూలు పట్టుకుంటే పుటుక్కున తెగిపోయేది. మేస్త్రీ వచ్చి కొత్త అద్దాలు బిగించి, పలకలు వేశాడు. అన్నట్టే ఒక పూట పట్టింది. అత్త పాత పీట మీద కూర్చుని, ఒళ్ళో దూది పెట్టుకుని చూసింది. దూది కదల్లేదు. ఇల్లు చల్లబడింది. "ఇంత సుకంగా ఉంటాదని ముందే సెప్పలేదేట్రా?" అంది. మరుసటి ఏడాది ఆమె పోయింది.

ఎదురింటాయనకి ఇదంతా చెప్పలేదు. మేస్త్రీ ఫోను నంబరు ఇచ్చి, ఇవాళే పిలవండి అన్నాను. ఒక పూట పని అది. ఆ పూట రెండేళ్ళపాటు నా దగ్గరే ఉంది, అత్తకి ఇవ్వలేదు.